లివర్ ఫెయిల్యూర్: ప్లాస్మా ఎక్స్‌ఛేంజా, మార్స్ మెషినా, నేరుగా ట్రాన్స్‌ప్లాంటా?

గోదారి_కుర్రాడు: మా బావమరిదికి హెపటైటిస్ ఎ. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ 5 దాటింది, నిన్నటి నుంచి మనుషుల్ని పోల్చుకోవట్లేదు. ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ (రక్తంలోని ప్లాస్మా తీసేసి దాతల ప్లాస్మా ఎక్కించడం) చేస్తాం, ఈలోగా డోనర్‌ని చూసుకోండి అంటున్నారు. లివర్‌కి డయాలసిస్ లాంటిదట, ఆ మార్స్ మెషిన్ ఉన్న చోటికి మార్చాలా? మా ఆవిడ తమ్ముడికి లివర్ ఇస్తానంటోంది, చంటిబిడ్డ తల్లి. ఖర్చెంత?

ఓరుగల్లు_అక్క: తమ్ముడూ, మీరున్నది ట్రాన్స్‌ప్లాంట్ చేసే ఆస్పత్రేనా? కాకపోతే ఇవాళే మారండి. మెషిన్ కోసం కాదు, సర్జన్ల కోసం. మా ఆయనకి గ్లూకోజ్ ఎక్కిస్తూ కూర్చున్నారు. మెదడు వాచాక పంపారు. అప్పటికి ఆపరేషన్ చేసే స్థితి దాటిపోయింది.

పల్నాడు_శీను: మొదట్లోనే పసరు పోయించాల్సింది. మా ఊళ్లో ఎంతమందికి తగ్గిందో!

ఐసీయూ_టెక్నీషియన్: శీనూ, హెపటైటిస్ ఎ నూటికి తొంభైతొమ్మిది మందికి దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరు పోసినోడికి.

పల్నాడు_శీను: నేల ఉసిరి విషమా? మా తాత ఒక్క రూపాయి తీసుకోకుండా పోసేవాడు. మాటలు జాగ్రత్త.

ఓరుగల్లు_అక్క: మీ తాతనెవరన్నారు? ముక్కులో చుక్కలు, చేతిమీద వాతలు, ఆ పసరులో ఏం కలుపుతున్నారో అడిగే దిక్కులేదు. మూలికలన్నీ మంచివేం కావు, తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లోనే రాశారు. వారం పసరుతో గడిచాక ఐసీయూకి తెస్తే ఎవరేం చేస్తారు?

ఐసీయూ_టెక్నీషియన్: ఏళ్లుగా ఈ మెషిన్లు నడిపేది నేనే, వినండి. మార్స్ అంటే అల్బుమిన్ అనే ప్రొటీన్ సాయంతో రక్తాన్ని వడకట్టే డయాలసిస్. విషాల్ని లాగుతుంది, గడ్డకట్టించే ప్రొటీన్లు ఇవ్వదు. 2013 ఫ్రాన్స్ ట్రయల్‌లో ప్రాణాల లెక్కలో స్పష్టమైన తేడా తేలలేదు. ఎక్కువమందికి వెంటనే ట్రాన్స్‌ప్లాంట్ అయిపోయింది, అందుకే మెషిన్ ఫలితం తేల్చడం కష్టమైంది. ఎక్కువ మోతాదు ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్‌తో 182 మందిపై చేసిన 2016 ట్రయల్‌లో బతికి ఇంటికెళ్లినవాళ్లు 58.7 శాతం, మామూలు వైద్యంతో 47.8.

నాన్నకిచ్చిన_కూతురు: నా లివర్‌లో కుడి లోబ్ (కుడి భాగం) ఇచ్చాను, ఇప్పుడు పొలం పనులన్నీ చేస్తున్నా. మీ ఆవిడకి బ్లడ్ గ్రూపు కలవాలి, సీటీ స్కాన్‌లో లివర్ సైజు ఇద్దరికీ చాలాలి, ఫ్యాటీ లివర్ ఉంటే వద్దంటారు. అక్క అంటే చట్టం ప్రకారం దగ్గరి బంధువే. ప్రమాదం తక్కువే, సున్నా కాదు. తనని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, అత్తామామల ముందు కాదు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో సూపర్ అర్జెంట్ కింద పేరు కూడా పెట్టించండి.

గోదారి_కుర్రాడు: ఒక విడత ప్లాస్మా అయింది. ఐఎన్ఆర్ 2.1! ఇక ట్రాన్స్‌ప్లాంట్ అక్కర్లేదేమో కదా?

ఐసీయూ_టెక్నీషియన్: ఆగండి. అది ఎక్కించిన ప్లాస్మాలోని గడ్డకట్టించే ప్రొటీన్ల చలవ, లివర్ కోలుకున్నట్టు కాదు. మెలకువ వస్తోందా, రక్తంలో అమ్మోనియా (లివర్ తీసేయాల్సిన విషం) తగ్గి నిలబడుతోందా చూడండి. మీ ఆవిడ పరీక్షలు ఆపకండి.