అప్‌డేట్: దోస, గుమ్మడి మొలకల్ని తింటున్న ఎర్ర పురుగు

దోస, గుమ్మడి మొలకలు రెండాకుల మీద ఉండగానే చిల్లులు పడుతున్నాయి, నారింజ రంగు పురుగు కనిపిస్తోంది, ఏం చేయాలి అని అడిగాను కదా. అది గుమ్మడి పెంకు పురుగే. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్. మొక్కలు నిలబడ్డాయి, దోస తీగ పందిరి ఎక్కింది.

అన్నిటికన్నా బాగా పనిచేసింది పొద్దున్నే ఏరడం. ఎండెక్కాక చెయ్యి దగ్గరికి వెళ్లేలోపే ఎగిరిపోతాయి. తెల్లవారుజామున మాత్రం మందకొడిగా ఉంటాయి. ఆకు కింద సబ్బు నీళ్ల గిన్నె పట్టుకుని తడితే అందులో పడిపోతాయి. మంచు తడి ఆరకముందే జల్లించిన కట్టెల బూడిద కూడా చల్లాను. వాన పడితే మళ్లీ చల్లాల్సిందే.

ఆకు మీద కనిపించేది సగమే. ఆడ పురుగు మొక్క మొదట్లో తడి మట్టిలో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు వేర్లు తింటాయి. వాడిపోయిన ఒక మొక్కను పీకితే వేరు తొలిచి ఉంది, లోపల మీగడ రంగు పురుగు, గోధుమ రంగు తల. నేలకు ఆనిన కాయల్ని కూడా తొలుస్తాయట, అందుకే గుమ్మడి పిందెల కింద ఎండుగడ్డి పరిచాను. పంట అయిపోగానే మట్టి లోతుగా తిరగేసి ఎండబెడతాను.

పక్కనే ఉన్న కాకరను మాత్రం పెద్దగా ముట్టలేదు.

మందు కొట్టమన్నవాళ్లకు: పూత మొదలైంది. తేనెటీగలు రాకపోతే గుమ్మడి పిందె నిలవదు, అందుకే కొట్టలేదు.