చెడ్డార్‌లో ఎండు ద్రాక్ష ఎప్పుడు కలపాలి: ఉప్పుతో పాటా, మాగిన తర్వాతా?

పటమట:
ఇంట్లో చెడ్డార్ చేస్తున్నాం. 10 లీటర్ల ఆవు పాలకు దాదాపు కిలో చీజ్ వస్తోంది. ఈసారి పిల్లల కోసం ఎండు ద్రాక్ష, ఖర్జూరం ముక్కలు కలపాలని ఉంది. విరుగుడు ముక్కలకు ఉప్పు పట్టించేటప్పుడే కలిపి అచ్చులో ఒత్తుదామని నేను అంటున్నాను. మాగిన తర్వాతే కలపాలని మా తోడికోడలి వాదన. నెలల తరబడి ఆగాల్సిన పని కాబట్టి ముందే అడుగుతున్నాను.

అరండల్‌పేట:
ఉప్పుతో పాటే కలపండి. ఆవకాయ ముక్కకు కారం పట్టాలంటే ఊరాలి కదా, ఇదీ అంతే. చివర్లో కలిపితే పండు రుచి పండుదే, చీజ్ రుచి చీజ్‌దే.

వన్‌టౌన్:
ఆవకాయ పోలిక ఇక్కడ చెల్లదండీ. ఆవకాయలో ఉప్పు దండిగా పడుతుంది, పైన నూనె తేలుతుంది. చెడ్డార్‌లో ఉప్పు సుమారు 2 శాతం. దాన్ని కాపాడేది ఆ ఉప్పొక్కటే కాదు. పాలలోని చక్కెరను తోడు తినేసి పులుపుగా మార్చడం, నీరు బాగా దిగిపోవడం, ముక్కలు సందు లేకుండా అతుక్కోవడం, ఇవన్నీ కలిస్తేనే అది నెలలు నిలుస్తుంది.

ఆ శ్రమంతా దీని కోసమే. కోసిన విరుగుడును మెల్లగా 38, 39 డిగ్రీల దాకా వేడి చేస్తాం. నీరు వంచి, గడ్డను పలకలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పది పదిహేను నిమిషాలకోసారి తిప్పుతాం. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ ప్రాంతపు చెడ్డార్ ఊరి పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇదే. తయారైన పలకను చించి చూడండి, పీచులు పీచులుగా వస్తుంది. అలాంటి విరుగుడులో ఎండు ద్రాక్ష వేస్తే ఏమవుతుంది? పండు చుట్టూ విరుగుడు అతకదు. పైన నూనె రాసిన ద్రాక్ష అయితే మరీ కష్టం. ఆ సందుల్లో గాలి నిలిచి బూజుకు చోటిస్తుంది. పండు చుట్టుపక్కల తేమను పీల్చి మెత్తబడుతుంది, దాని తీపి బయటికి ఊరుతుంది. తోడు అంత కష్టపడి ఖాళీ చేసిన చక్కెరను మనమే మళ్లీ తెచ్చి పెట్టినట్టు! ఎండు పండ్ల మీద ఉండే ఈస్ట్‌కు అంతకంటే ఏం కావాలి? చీజ్ ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, కల్లు వాసన వేస్తుంది.

క్రాన్‌బెర్రీలు కలిపిన వెన్స్‌లీడేల్ పేరు వినే ఉంటారు, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌ది. అలాంటి పండ్ల చీజ్‌లను సాధారణంగా తయారైన చీజ్‌ను చిదిమి, పండు కలిపి, మళ్లీ ఒత్తి చేస్తారు. మీ తోడికోడలి మాటే సరైనది.

అరండల్‌పేట:
ఫ్యాక్టరీలో యంత్రాలుంటాయి. మన ఇంట్లో మాగిన చీజ్‌ను చిదిమితే మళ్లీ అతుకుతుందా? కోసినప్పుడు పొడిపొడిగా రాలదా?

వన్‌టౌన్:
మంచి ప్రశ్న. ఏడాది మాగినది రాలుతుంది. రెండు మూడు నెలలదైతే ఇంకా సాగుడు గుణం ఉంటుంది, అతుకుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయేదాకా ఉంచి, చిదిమి, నూలు గుడ్డ పరిచిన అచ్చులో రాత్రంతా బరువు పెట్టండి. విజయవాడ మే నెల మధ్యాహ్నం మాత్రం ఈ పని వద్దు, కొవ్వు కరిగి చేతికి జిడ్డు తేలుతుంది. కిలోకు 100 గ్రాముల పండు చాలు. పండును కొద్ది నిమిషాలు ఆవిరి పట్టి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనివ్వండి. ఖర్జూరం జిగురు కాబట్టి నేనైతే నల్ల ద్రాక్షే వేస్తాను.

బ్రాడీపేట:
మాకు ఆవు పాలు దొరకవు. గేదె పాలతో కుదురుతుందా?

వన్‌టౌన్:
కుదురుతుంది, రెన్నెట్ (పాలను గడ్డ కట్టించే పదార్థం) కాస్త తగ్గించండి. గేదె పాలు త్వరగా, గట్టిగా తోడుకుంటాయి, మాగడం మాత్రం నిదానం. మరిగించిన పాలు వద్దు, రెన్నెట్‌కు గట్టి గడ్డ కట్టదు. పచ్చి పాలైతే 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చండి.

పటమట:
సరేనండీ, సాదా చీజే మాగబెడతాం. అరండల్‌పేట వారి మాట కూడా తీసేయలేక, ఒక చిన్న అచ్చులో ముందే ద్రాక్ష కలిపి చూస్తాం.

వన్‌టౌన్:
చూడండి, కానీ అది పిల్లలకు పెట్టకండి. ఉబ్బినా, పండు చుట్టూ మెత్తబడినా, ఆ ముక్క వరకే కోసి పారేస్తే చాలదు, మొత్తం పారేయాలి. మాగిన తర్వాత కలిపినదాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచి పది రోజుల్లో తినేయండి.