అప్‌డేట్: తాత హార్మోనియం మళ్లీ పలికింది

పోయిన నెల అడిగాను కదా, తాత చనిపోయాక ఆయన హార్మోనియంలో గాలి నిలవట్లేదు, రెండు మెట్లు అసలు పలకట్లేదు, ఏం చేయాలని. గాలి కొట్టే తిత్తి చూడమని చాలామంది చెప్పారు. అదే నిజమైంది. హనుమకొండలో ఒక పెద్దాయన విప్పి చూస్తే, మడతల్లో తోలును ఎలుక కొరికేసింది. కొత్తది అతికించారు. పలకని మెట్ల కింద ఇత్తడి రీడ్లలో (గాలికి అదిరి పలికే సన్నటి రేకులు) దుమ్ము ఇరుక్కుంది, అంతే. ఇంకో రీడు శ్రుతి తగ్గితే కొసన కొద్దిగా గీకి పెంచారు. రీడు మొదలు దగ్గర గీకితే శ్రుతి తగ్గుతుందట.

తాత శనివారం భజనకు దాన్ని సైకిల్ క్యారియర్‌కు కట్టుకొని పోయేవాడు. "1940లో ఈ పెట్టెను రేడియోలో నిషేధించిండ్రు, 1971 దాకా రానియ్యలే. నేనైతే ఒక్క శనివారం వదల్లే" అని గొప్పలు చెప్పేవాడు. ఇందులో గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించేవి, పలకవని రేడియో వాళ్ల బాధ. తాత చేతిలో స్వరాలే సరిగ్గా పలికేవి కావు, అది వేరే సంగతి.

అమ్మేద్దామన్న బాబాయి ఇప్పుడు నోరెత్తట్లేదు. మొన్న మాసికం నాడు భజన వాళ్లొచ్చి వాయించారు. నాయనమ్మ వంటింట్లోంచి బయటకు రాలేదు కానీ, గిన్నె మీద తాళం మాత్రం వినిపించింది.