మూర్ఛ వచ్చిందా, పోయిందా?
(నలుగురి ముచ్చట, ఎవరి మాట ముందు వారి ఊరి పేరు)

పర్లాకిమిడి: సాయంత్రాలు మా వీధి పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. నిన్న 'గెట్' దగ్గర బండి ఆగిపోయింది. ఉత్తరం అందింది, పెళ్ళయింది, తడిసిపోయాడు, కోపం వచ్చింది, దొంగ దొరికిపోయాడు, అన్నిటికీ గెట్టే. మన దగ్గర ఎక్కడి క్రియ అక్కడే. రాత్రి పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడి పద్యం గుర్తొచ్చింది. 'ఠావుల్ దప్పెను మూర్ఛ...' తర్వాత వచ్చెనా, పోయెనా? మా తాతగారు 'పోయె' అన్నట్టే చెవిలో ఉంది.

బరంపురం: 'వచ్చె' అండి. 'మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్.' సందేహమే లేదు.

గుణుపురం: పాఠం 'వచ్చె'నే. అయినా తాతగారిని గణాలు తప్పుపట్టలేవు. శార్దూలంలో ఆ చోట 'ఛ వచ్చె' ఎంతో 'ఛ పోయె' అంతే, రెండూ జగణమే. యతి ఠా–డ, ప్రాస వకారం. రెండూ ఈ మాట జోలికి రావు.

బరంపురం: గణం కుదిరితే చాలా మాస్టారూ? మూర్ఛ పోయిందంటే ఏనుగు తేరుకున్నట్టే!

గుణుపురం: 'మూర్ఛపోయాడు' అంటే తేరుకున్నాడని ఎవరనుకుంటారు?

బరంపురం: అక్కడ పోయినవాడు మనిషి. ఇక్కడ కర్త మూర్ఛ. పద్యం మొదటినుంచీ చూడండి. లావు లేదు, ధైర్యం విలోలమయ్యింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, తనువు డస్సింది, శ్రమ అయ్యింది. ఇన్ని జరిగినా గజేంద్రుడు ఒక్కదానికీ కర్త కాడు. 'నీవే తప్ప నితఃపరం బెఱుఁగ' అన్నచోటే 'నేను' మొదటిసారి క్రియ పట్టాడు. ఇంగ్లీషులో అయితే నేను నీరసపడ్డాను, నేను సొమ్మసిల్లాను అని అడుగడుగునా 'నేను' వచ్చేది. పోతన ఆ 'నేను'ను శరణాగతి కోసం దాచుకున్నాడు. 'పోయె' అంటే ఈ కట్టంతా చెదిరిపోతుంది.

రాయగడ: గెట్ పాత నార్స్ మాట. చేజిక్కించుకోవడం దాని సొంత అర్థం. అందుకే కాబోలు దానికి తరచు పట్టుకునే మనిషి కావాలి. మనకు ఆకలి వేస్తుంది, చెమట పడుతుంది, నిద్ర వస్తుంది, దిష్టి తగులుతుంది. మా పక్కింటి ఒడియావాళ్ళు 'భొకొ లాగుచి' అంటారు, ఆకలి తగులుతోందన్నమాట. వాళ్ళకు తగిలేది మనకు వేస్తుంది.

గుణుపురం: జలుబు 'చేసింది' సంగతేమిటి? చేసిందెవరు?

పర్లాకిమిడి: మా అమ్మమ్మ 'జొరమొచ్చీసిందర్రా' అని గుమ్మంలోనే కూలబడేది, చుట్టమెవరో వచ్చినట్టు. ఇలాంటివి ఇళ్ళల్లోనే ఏరుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళో ఉంటూ సవర గిరిజనుల భాషను వాళ్ళ నోటే విని నేర్చుకున్నారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, అప్పటికి మా ఊరు ఒరిస్సాలో కలిసి రెండేళ్ళు.

రాయగడ: పంతులుగారి మాట ఎత్తితే ఇక రాత్రి పడుకోం. సవరలో జ్వరం వస్తుందా, పడుతుందా? సవరలు వచ్చే సంతకు వెళ్ళేవాళ్ళెవరైనా అడిగి చెప్పండి.

బరంపురం: ముందు తాతగారి 'పోయె' తేల్చండి. ఆ ఇంట్లో పాత అచ్చు భాగవతం ఉందా?

పర్లాకిమిడి: అటక మీద పెట్టె ఉంది. ఆదివారం దింపుతాను.