సమాధి తవ్వించి తెచ్చిన కవితలు: రోసెట్టి చేసింది తప్పేనా?

గోదారిగట్టు:
డాంటే గేబ్రియల్ రోసెట్టి (1828–1882) అటు చిత్రకారుడు, ఇటు కవి. 1862 ఫిబ్రవరిలో భార్య లిజ్జీ సిడాల్ లాడనం (నల్లమందు కలిపిన మందు) మోతాదు మించి చనిపోయింది. ఆ దుఃఖంలో తన కవితల రాతప్రతిని ఆమె శవపేటికలో పెట్టేశాడు. 1869 అక్టోబరులో లండన్ హైగేట్ శ్మశానంలో ఆ సమాధి తవ్వించి పుస్తకం బయటికి తీయించాడు. 1870లో అచ్చు వేశాడు. నా దృష్టిలో ఇది తప్పు కాదు. కవితలు ఆయనవి, తీసుకున్నాడు. మీరేమంటారు?

నీలిరంగు:
ఆయనవి ఎలా అవుతాయండీ? పెట్టెలో పెట్టిన రోజే అవి ఆవిడవి అయిపోయాయి. ఇచ్చినదాన్ని బతికున్న మనిషి దగ్గర వెనక్కి అడగడానికే మొహం చెల్లదు. పైగా తను అక్కడికి వెళ్లలేదు, హోవెల్ అనే మనిషితో పని జరిపించాడు. తమ్ముడు విలియంకి కూడా పనయ్యాకే చెప్పాడు. తప్పు కాకపోతే దాపరికం దేనికి?

రాతప్రతి:
ఒక చిన్న సవరణ. రోసెట్టి పేరున్న కవిత ‘ద బ్లెస్డ్ డామొజెల్’ 1850లోనే ‘ద జెర్మ్’ పత్రికలో వచ్చింది. కాబట్టి తవ్వకపోతే ఆయన కవిత్వం పోయేదనే వాదన చెల్లదు.

గోదారిగట్టు:
అంతా పోయేదని నేననలేదు. ‘జెన్నీ’ సంగతి చెప్పండి. నిద్రపోతున్న వేశ్య పక్కన కూర్చుని ఓ యువకుడు తనలో తాను మాట్లాడుకునే పెద్ద కవిత. గుర్తున్నంతలో మళ్లీ రాద్దామని చూసినా అన్నీ కుదరలేదు. పుస్తకం చేతికొచ్చేసరికి ఆ పేజీలన్నిటికీ అడ్డంగా పురుగు తొలిచిన పెద్ద చిల్లు. క్రిమిసంహారక మందుతో శుభ్రం చేశాక, మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని నింపుకున్నాడు.

మా నాన్నగారు పద్యాలు రాసేవారు. పోయిన రోజు మా బాబాయి “ఆయనతోనే పోనీ” అని ఆ నోట్‌బుక్ చితి మీద పెట్టాడు. ఇప్పుడు అమ్మకి ఒక సీసంలో రెండు పాదాలే గుర్తున్నాయి. తవ్వి తెచ్చుకునే అవకాశం ఉంటే నేను ఒక్క క్షణం ఆలోచించను.

కిటికీ:
తనను మాత్రం హైగేట్‌లో పూడ్చొద్దని గట్టిగా చెప్పాడు. అందుకే ఆయన సమాధి బర్చింగ్టన్ అనే సముద్రతీర ఊళ్లో ఉంది. తప్పో ఒప్పో ఆయనకే తెలుసు.

రాతప్రతి:
డామొజెల్ గురించి ఇంకా జవాబు రాలేదు.

నీలిరంగు:
డామొజెల్ పక్కన పెట్టండి సార్! ఇప్పటిదాకా ఇక్కడ ఒక్కరైనా లిజ్జీని మనిషిగా లెక్కేశారా? చిత్రకారుడు మిల్లే ‘ఒఫీలియా’ బొమ్మ వేస్తుంటే మోడల్‌గా ఆవిడ నీళ్ల తొట్టిలో పడుకుంది. అడుగున దీపాలు ఆరిపోయి నీళ్లు చల్లబడ్డా కదల్లేదు, జబ్బు పడింది. అందరికీ ఈ కథే తెలుసు. ఆవిడా బొమ్మలు వేసింది. 1855లో కళా విమర్శకుడు రస్కిన్ ఆవిడ బొమ్మలన్నీ కొని ఏడాదికి 150 పౌండ్లు ఇచ్చే ఏర్పాటు చేశాడు. కవితలూ రాసింది. బతికుండగా ఒక్కటీ అచ్చు కాలేదు. భర్త కవితల కోసం మట్టి తవ్వారు. ఆవిడవి మట్టిలో లేవు, పైనే ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

నేను పిల్లల పుస్తకానికి బొమ్మలు వేస్తే అట్ట మీద మా ఆయన పేరు వేశారు. ఆయనా ఆర్టిస్టే. అడిగితే “ఇద్దరూ ఒకటేగా” అన్నారు. అందుకే ఇది నాకు మండుతుంది.

గోదారిగట్టు:
అలా అయితే మీ గొడవ సమాధి గురించి కాదు. ఆ సంగతి మొదటే చెప్పాల్సింది, ఇంతసేపూ వేరే దానికి జవాబులిస్తున్నాను. మీకు జరిగిన అన్యాయాన్ని రోసెట్టి మీద రుద్దకండి. లిజ్జీ రూపంతో ఆయన వేసిన ‘బియాటా బియాట్రిక్స్’ చూడండి. ఎర్ర పావురం ఆమె చేతుల్లో గసగసాల పువ్వు వదులుతుంటుంది. లాడనం తయారయ్యేది ఆ మొక్క నుంచే. భార్య పోయాక ఏళ్ల తరబడి వేసిన బొమ్మ అది. ఇంకో మాట. ఎవరూ ముట్టుకోలేదనడం అన్యాయం. 1865లో ఆయనే లిజ్జీ కవితల్ని చెల్లెలు క్రిస్టినాకి పంపాడు, ఆమె పుస్తకంలో చేర్చొచ్చేమోనని. అన్నీ కలిపి అచ్చు వేయడానికి మరీ విషాదంగా ఉన్నాయని క్రిస్టినాయే వెనకాడింది.

నీలిరంగు:
ప్రేమ లేదని నేనెక్కడ అన్నాను? ఆ బొమ్మలో కూడా ఆవిడ కళ్లు మూసుకునే ఉంది. అదే క్రిస్టినా 1856లోనే ఒక కవిత రాసింది: అన్న కాన్వాసులన్నిటి మీదా ఒకే ముఖం, అదీ ఉన్న మనిషిది కాదు, ఆయన కలలోకొచ్చే మనిషిది. తవ్వించాక తన మిత్రుడైన కవి స్విన్‌బర్న్‌కి రోసెట్టి ఏం రాశాడో చూడండి. ఆవిడకే వీలుంటే తనే సమాధి తెరిచి ఇచ్చేదట! బొమ్మల్లో మాట్లాడనివ్వలేదు, పోయాక మాత్రం తనకి కావాల్సిన మాట ఆవిడతో చెప్పించాడు.

గోదారిగట్టు:
పోయినవాళ్లకి కాగితాల మీద హక్కు ఉండదండీ. చదివేవాళ్లు బతికున్నారు, హక్కు వాళ్లది. ఈ మాట నేను మార్చుకోను. అదే లెక్కన లిజ్జీ కవితలూ 1870లోనే రావాల్సింది. కాదనను.

నీలిరంగు:
రాలేదుగా. చెల్లెలు వెనకాడితే ఆవిడ కవితల దగ్గర ఆగిపోయాడు. తన కవితల కోసం హోం సెక్రటరీ దగ్గర్నుంచి అనుమతి తెప్పించుకున్నాడు.