గోథిక్ కల్పనకూ నేటి సాంకేతికతకూ నిజంగా సంబంధం ఉందా?

ప్రశ్న

1764లో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలుపెట్టి గోథిక్ నవలలను, అంటే భయాన్నీ రహస్యాన్నీ పండించే పాతకాలపు కథలను, వరుసగా చదువుతున్నాను. పాడుబడిన కోటలు, సొరంగ మార్గాలు, తాతలు చేసిన పాపం మనవల మెడకు చుట్టుకోవడం వంటివన్నీ ఆ కాలపు సరంజామా అనుకున్నాను. అయితే కృత్రిమ మేధ గురించీ, చనిపోయినవారి గొంతును అనుకరించే ప్రోగ్రాముల గురించీ వచ్చే వ్యాసాలలో కూడా ‘గోథిక్’ అనే మాట తరచుగా కనబడుతోంది. ఇది విమర్శకులు అలవాటుగా వేసే ముద్రేనా, లేక లోతైన సంబంధం ఏదైనా ఉందా?

జవాబు 1

ఆ సంబంధం మనం ఇప్పుడు కల్పించుకున్నది కాదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ రక్తపిశాచి నవల ‘డ్రాక్యులా’ అనగానే కోట, శవపేటిక, వెల్లుల్లి గుర్తుకొస్తాయి కానీ, ఆ నవల నిండా ఉన్నవి అప్పటి కొత్త పరికరాలే. అందులోని పాత్రలలో డాక్టర్ సీవార్డ్ తన డైరీని, గొంతును మైనపు సిలిండర్ల మీద నమోదు చేసే ఫోనోగ్రాఫ్‌లో చెప్పుకుంటాడు, హార్కర్ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాడు, మీనా వాటన్నిటినీ టైపు చేసి కాలక్రమంలో పేరుస్తుంది. సీవార్డ్ రికార్డులు విన్నాక ఆమె, ఆ గొంతులోని దుఃఖాన్ని ఇకపై ఎవరూ వినకూడదనీ, మాటలను తాను టైపు చేసింది కాబట్టి వినవలసిన అవసరం కూడా లేదనీ అతనితో అంటుంది. మనిషి చెప్పిన విషయం వేరు, అతని గొంతు బయటపెట్టే విషయం వేరు అన్న ఈ ఎరుక, గొంతులను నకలు చేసే నేటి ప్రోగ్రాముల గురించి వచ్చిన చాలా వ్యాసాలలో నాకు కనబడలేదు.

తరువాత కౌంట్ డ్రాక్యులా ఆ రాతప్రతినీ సిలిండర్లనూ మంటల్లో వేస్తాడు. సిలిండర్ల మైనం ఆ మంటను ఇంకా పెంచుతుంది. ఇనుప పెట్టెలో మరో ప్రతి ఉండబట్టి కథ మిగులుతుంది. కానీ చివరికి హార్కర్ వెతికి చూస్తే టైపు కాగితాలే తప్ప అసలు పత్రం దాదాపు ఒక్కటి కూడా ఉండదు, కాబట్టి జరిగినదానికి వాటిని రుజువుగా చూపి నమ్మమని ఎవరినీ అడగలేమని ఒప్పుకుంటాడు. కృత్రిమ మేధతో నిజమనిపించేలా తయారుచేసే డీప్‌ఫేక్ వీడియోల కాలంలో మన చిక్కు కూడా ఇదే కదా.

జవాబు 2

పై జవాబుకు మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను, ఒక ప్రాణిని తన చేతులతో సృష్టించిన శాస్త్రవేత్త కథను, చేర్చాలి. 1803లో లండన్‌లో ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని ఆల్డీని, ఉరితీయబడిన ఒక ఖైదీ శవానికి విద్యుత్తును ప్రయోగించినప్పుడు దవడ వణికి, ఒక కన్ను తెరుచుకుంది; 1818లో వచ్చిన ఆ నవల అటువంటి ప్రయోగాలు చర్చలో ఉన్న కాలానిది. నేటి కృత్రిమ మేధను ఆ నవలతో పోల్చేవారు సృష్టికర్త మీద తిరగబడిన ప్రాణి దగ్గరే ఆగిపోతారు, నాకు అది పేలవమైన పోలిక అనిపిస్తుంది. ఆ ప్రాణి భాష నేర్చుకున్న తీరు చూడండి: ఒక కుటుంబం ఉండే ఇంటి పక్కన కొట్టంలో దాక్కుని, చీలికలోంచి చూస్తూ, వారికి తెలియకుండా వారి మాటలు వింటూ, ఆ తరువాత దొరికిన కొన్ని పుస్తకాలు చదువుతూ నేర్చుకుంది. మనుషులు ఒకరితో ఒకరు చెప్పుకున్న మాటలనుంచి, వారిని అడగకుండానే, భాష నేర్చుకున్న యంత్రాలకు ఇంతకంటే దగ్గరి పూర్వరూపం నాకు కనబడలేదు.

జవాబు 3

నాదొక అభ్యంతరం. వింతగా ఉన్న ప్రతిదీ గోథిక్ కాదు. 2018లో అమెజాన్ కంపెనీవారి, మాటతో ఆదేశాలు తీసుకునే అలెక్సా స్పీకర్లు కొన్ని ఎవరూ అడగకుండానే నవ్వాయని వార్తలు వచ్చాయి. వేరే మాటలను నవ్వమన్న ఆదేశంగా పొరబడుతున్నాయని చెప్పి, కంపెనీ ఆ ఆదేశాన్ని మార్చడంతో ఆ భయం తీరిపోయింది. గోథిక్ భయం అలా తీరేది కాదు, ఎందుకంటే అందులో గతానికి వర్తమానం మీద హక్కు ఉంటుంది. వాల్పోల్ నవలలో తాత హత్య చేసి సంపాదించిన కోటను మనవడు నిలుపుకోలేకపోతాడు. పాత రుణాల రికార్డులతో శిక్షణ పొందిన ప్రోగ్రాము, ఆ రికార్డులలోని పక్షపాతాన్నే అందిపుచ్చుకుని, ఏ సంబంధమూ లేని కొత్త మనిషి దరఖాస్తును తిరస్కరిస్తే, దానిని గోథిక్ అనడానికి నేను వెనుకాడను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వారసత్వపు పాపం గురించి మూడవ జవాబుతో ఏకీభవిస్తాను, కానీ దానినే ఏకైక లక్షణంగా తీసుకుంటే మొదటి జవాబులోని నకలు పత్రాల సంగతి జారిపోతుంది. వాల్పోల్ తన నవలను మొదట 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని చెప్పి వెలువరించాడు, అది తన రచనేనని రెండవ ముద్రణలో గానీ ఒప్పుకోలేదు. అంటే దొంగ పత్రం ఈ సాహిత్యంలోకి తరువాత వచ్చి చేరినది కాదు, మొదటి పుస్తకపు ముఖపత్రం మీదే ఉంది.