నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్: ఇంగ్లండ్‌లోనా, హైదరాబాద్‌లోనా?

కొత్తగా వచ్చాను, లెస్టర్:
అన్నలూ, అక్కలూ, నమస్తే. నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఈమధ్యే వచ్చాను. నాన్నకి 66 ఏళ్ళు, విజిటర్ వీసా మీద మా దగ్గరే ఉన్నారు. బయలుదేరే ముందు ఖమ్మంలో చేయించిన బయాప్సీ రిపోర్టు మొన్న వాట్సాప్‌లో వచ్చింది. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష) 7, గ్లీసన్ (క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే స్కోరు) 3+3. ఇక్కడే రోబో సర్జరీ చేయించేద్దామా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రీడింగ్ నుంచి:
తమ్ముడూ, ముందు డబ్బు సంగతి. నువ్వు వీసాతోపాటు ఏడాదికి 1,035 పౌండ్ల లెక్కన కట్టిన హెల్త్ సర్‌చార్జ్ నీ వరకే. నాన్నగారు జీపీకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరుకి) ఉచితంగా చూపించుకోవచ్చు, కానీ హాస్పిటల్లో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) రేటుకు ఒకటిన్నర రెట్లు వేస్తారు, అదీ ముందే కట్టాలి. 500 పౌండ్లు, ఆపైన బాకీ పడితే వీసాలు చూసే హోం ఆఫీసుకు తెలుస్తుంది. తర్వాత ఆయన వీసాకి అదే అడ్డం.

అసలు ఇప్పుడు ఆపరేషన్ కావాలా? ఈ దేశంలోనే ప్రొటెక్ట్ అనే ట్రయల్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేశారు: ఆపరేషన్, రేడియేషన్, ఊరికే పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం. పదిహేనేళ్ళ తర్వాత ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు ఏ గుంపులో చూసినా నూటికి ముగ్గురు, అటూ ఇటూగా. కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో జబ్బు వేరేచోటికి పాకడం మాత్రం ఎక్కువే, 9.4 శాతం. ఆపరేషన్ వాళ్ళలో 4.7. అయితే వీళ్ళకి మూత్రం కారే బాధ ఎక్కువ. మా మామయ్యగారికి కంగారుపడి చేయించాం, ఏడాది ప్యాడ్లతో గడిపారు. పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళేవారు కాదు.

బర్మింగ్‌హామ్ నుంచి:
నేను రేడియోథెరపీలో పనిచేస్తాను. 3+3 అంటే తక్కువ ఉధృతమైనది, దానికి ఇక్కడైనా సాధారణంగా ముందు కనిపెట్టుకుని ఉందామనే అంటారు. కొన్ని వారాలు ఆగితే కొంపేమీ మునగదు. రోబో మోజు వద్దు తమ్ముడూ. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబో సర్జరీని మామూలుగా కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌తో పోల్చి చూస్తే రెండేళ్ళ తర్వాత మూత్రం, దాంపత్యం విషయాల్లో తేడా తేలలేదు. చేసే సర్జన్ చెయ్యి ముఖ్యం. ఎప్పుడైనా రేడియేషన్ అవసరమైతే ఎన్ని సిట్టింగులో అడగండి. ఒకప్పుడు 37, తర్వాత 20, ఇప్పుడు కొందరికి 5 చాలు. ఖమ్మం నుంచి వచ్చి హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండేవాళ్ళకి నెల అద్దెకీ వారం అద్దెకీ ఎంత తేడా!

ముందు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (ముక్కని మైనంలో దాచినవి) ల్యాబ్ నుంచి తీసుకుని ఇంకో పెథాలజిస్టుకి చూపించండి. 3+3 కాస్తా 3+4 అని తేలితే లెక్క మారుతుంది. ఎంఆర్‌ఐ తీయకపోతే తీయించండి.

లెస్టర్:
అక్కా, స్లైడ్లు తెమ్మని బావకి ఇప్పుడే ఫోన్ చేశాను. నాన్న రిటర్న్ టికెట్ ముందుకి జరుపుతున్నాను.